మామాకు తేలిక మందు

ఇవాళ పొద్దున నా మిషను మొరాయించింది. చక్రం తిరుగుతోంది, సూది దిగుతోంది, బట్ట మీద మాత్రం కుట్టు పడటం లేదు. అడుగున దారం ఉండలు ఉండలుగా చుట్టుకుంటోంది. విప్పి చూస్తే పైదారాన్ని బిగించే చోట ఉండే సన్నటి స్ప్రింగు విరిగిపోయి ఉంది. కువైట్‌లో నా దుకాణమున్న ఈ హవల్లీ బజారులో దొరకని వస్తువంటూ లేదు గానీ, శుక్రవారం నమాజు అయ్యేదాకా ఏదీ దొరకదు. అబాయా కుట్టించుకునే పిల్లేమో సాయంత్రానికే కావాలని నిన్నటి నుంచీ ప్రాణం తీస్తోంది. సరే, పాత సామానులో ఏదైనా పనికొచ్చేది ఉంటుందేమోనని అటక మీది డబ్బాలన్నీ దించాను. గుండీల డబ్బా, కొక్కేల డబ్బా, విరిగిన సూదుల డబ్బా, అన్నిటికీ అడుగున ఒక ఖర్జూరం డబ్బా. మూత తీయగానే అరచేతి పొడుగు స్ప్రింగులు బొలబొలా బయటపడ్డాయి. ఒకటి దొర్లుకుంటూ మేజా కిందికి పోయింది. మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ వంగి తీశాను. దాని చివర పసుపుపచ్చ దారం ముడి. అది నా దారమే, నా దుకాణం దారమే. మా మామ పోయి రెండో రంజాను కూడా దాటింది, దాన్ని చూస్తే నాకు కన్నీళ్లు రావాలి కదా. రాలేదు. ఒళ్లు మండింది.

మామల సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే తికమకపడతారు. నా మొగుడు నాకు మేనమామ, మా అమ్మకు కడగొట్టు తమ్ముడు. మా రాయచోటి వైపు అదేం వింత కాదు. ఆడపిల్ల పుడితే ఉయ్యాల దగ్గరే "ఇది నీకేరా" అని తమ్ముడికి ఖాయం చేసేస్తారు. మాటలు వచ్చినప్పటి నుంచీ నేను అతన్ని మామా అనే పిలిచాను, పెళ్లయ్యాక పిలుపు మార్చుకోవలసిన శ్రమ కూడా లేకపోయింది. కువైట్‌కు వచ్చాక గదా తెలిసింది, ఇక్కడ పనివాళ్లు ఇంటి యజమానురాలిని మామా అంటారని! మా మామ డ్రైవరుగా కుదిరిన ఎగైలా ఇంట్లో వంటమనిషి మొదలు తోటమాలి దాకా అందరూ ఆమెను మామా అనేవాళ్లే. ఒకరోజు నా ముందే ఫోనెత్తి "జాయ్ మామా, వస్తాండా మామా" అని వంగి వంగి మాట్లాడాడు. నా పిలుపును నా నోట్లోంచి లాక్కుని ఇంకొక ఆడదాని నెత్తిన పెట్టినట్టనిపించింది. "నువ్వు నాకు మామవు గదా, ఆమె నీకు మామ యెట్లయితాది?" అని నిలదీస్తే, "అది ఉత్త పిలుపే పిల్లా, జీతమిచ్చే పిలుపు" అని నవ్వాడు. నేను నవ్వలేదు. ఇప్పటికీ ఆ పిలుపు నాకు నచ్చదు. అందుకని ఇక్కడ అతను మా మామ, ఆమె ఎగైలా మామా. కలపకండి.

ఇళ్లలో పని చేసేవాళ్లకు ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, ఎవరి పేరు మీదైతే మకాం కూడా వాళ్లింట్లోనే. మా మామ ఎగైలాలో గేటు పక్క గదిలో ఉండేవాడు. నేను మహబూలాలో నలుగురైదుగురు ఆడవాళ్లం పంచుకున్న ఫ్లాటులో ఒక గది తీసుకుని, రోజూ బస్సెక్కి హవల్లీకి వచ్చి కుట్టుకునేదాన్ని. ఒకే దేశంలో ఉండి కూడా మొగుడూ పెళ్లాలం కలిసేది శుక్రవారం. ఊరి నుంచి తెచ్చుకున్న రాగిపిండితో సంగటి కెలికి, కోడి పులుసు చేసి, చెనిక్కాయల ఊరిమిండి నూరి, స్నానం చేసి కూర్చునేదాన్ని. అతను వచ్చి తిని, మొహం మీద తువ్వాలు కప్పుకుని గుర్రు పెట్టేవాడు. ఆ గుర్రు వింటూ నేను బట్టలు మడతపెట్టుకునేదాన్ని. పొద్దు వాలాక సముద్రం దాకా నడిచేవాళ్లం. ఉప్పుగాలికి చొక్కా ఒంటికి అంటుకుపోయేది, ఉడికించిన శనగలు కాగితంలో పోయించుకుని తినేవాళ్లం. చెప్పుకోవడానికి అంతకన్నా ఏమీ లేదు. కానీ నా సంసారమంతా ఆ ఒక్కరోజే. వారమంతా పరాయి ఆడవాళ్ల నడుములకు టేపు చుట్టి బతికేదాన్ని, శుక్రవారం మాత్రం నాది.

ఆ శుక్రవారానికి చెదలు పట్టింది. మొదట పన్నెండింటికి వచ్చేవాడు రెండింటికి వచ్చాడు. ఆ తర్వాత అన్నం వేళ దాటిపోయాక వచ్చి, తిని, నిద్ర కూడా పోకుండా తిరిగి పోయాడు. ఎందుకంటే ఎగైలా మామాను క్లబ్బుకు తీసుకుపోవాలట. "ఏం క్లబ్బు?" "ఆటల క్లబ్బు." "ఏం ఆట?" "ఏందో ఆటలే." క్లబ్బంటే నాకు తెలిసింది సినిమాల్లో రంగురంగుల దీపాల కింద ఎగిరే క్లబ్బు. చొక్కా విప్పి పడేస్తే వాసన చూసేదాన్ని, చూడకుండా ఎట్లా ఉంటాను? ఊదు వాసన, దాని అడుగున మిషను నూనె వాసన, దానికీ అడుగున టపాకాయ కాల్చినట్టు ఇంకేదో వాసన. పరధ్యానం ఎక్కువైంది. ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయేవాడు. పైగా నా దారాల మీద పడ్డాడు. "ఎర్రది ఒక మూరెడియ్యి, పసుపుది ఉంటే ఇయ్యి" అని అడిగి జేబులో పెట్టుకుపోయేవాడు. ఏ ఆడదాని చేతికి కట్టడానికో అని నేను పళ్లు నూరుకునేదాన్ని.

ఒక శుక్రవారం సముద్రం ఒడ్డున శనగలు తింటూ, తనలో తాను అనుకున్నట్టు "మామా మణికట్టు శానా నాజూకు. గట్టిది తట్టుకోలేదు, మెత్తది చూడాల" అన్నాడు.  ఇన్నేళ్లుగా పెద్ద కత్తెర పట్టీ పట్టీ నా బొటనవేలు కింద కాయ కాసి ఉంది. సూది గుచ్చుకోని వేలు లేదు. ఏనాడన్నా నా చేయి పట్టుకుని ఇది నాజూకా, మొరటా అని చూశాడా ఈ మనిషి? అడగలేదు. అడిగితే ఏడుస్తానని అడగలేదు. కాగితం ఉండ చుట్టి సముద్రంలోకి విసిరేస్తే గాలికి అది నా మొహానికే వచ్చి తగిలింది.

మా ఫ్లాటులో పక్క గది మేమంతా ఆపా అని పిలిచే పెద్దావిడది. ఆమెదీ రాయచోటే. ఇళ్లలో వంటలు చేసీ చేసీ ఈ దేశంలోనే జుట్టు నెరిసిన మనిషి. ఆ తర్వాతి శుక్రవారం ఇద్దరం వంటింట్లో ఉన్నాం, ఆమె మిరపకాయలు వేయిస్తోంది, నేను సంగటి కెలుకుతున్నాను. చేతులు ఖాళీ లేక ఫోను స్పీకరులో పెట్టాను. మా మామ గొంతు: "ఈ పొద్దు రాలేను పిల్లా. మామాకు మందు కుదర్లేదు. బాబా తగ్గించి తగ్గించి పెడతాండాడు. పెట్టినంక ఎట్ల పనిచేస్తాదో నేను దగ్గరుండి చూడాల." బాబా అంటే ఎగైలా మామా తండ్రి, ముసలాయన, మా మామకు వీసా ఇచ్చిన కఫీల్ ఆయనే. ఫోను పెట్టేశాడు. మిరపకాయలు మాడిపోయి ఇద్దరికీ దగ్గు ఆగలేదు.

నాకు మొదట తట్టింది తాగే మందు. ఈ దేశంలో అది దొరికితే జైలు, ఆ పైన తిరుగు విమానం.  ఆపా మాత్రం కళ్లు తుడుచుకుంటూ తల అడ్డంగా ఊపింది. "తాగే మందైతే ఫోనులో ఇంత ధైర్యంగా చెప్తాడామ్మే? ఇది పెట్టుడు మందు." అన్నంలో కలిపి పెట్టి మగవాణ్ని కొంగుకు కట్టేసుకునే మందు. మా వైపు ఆ మాట వింటేనే ఆడవాళ్లు దిష్టి తీసుకుంటారు. "మామాకు పెడతాండారన్నాడు గదా ఆపా?" అన్నాను, ఆశ చావక. "మామాకు కాదే పిల్లా, మామానే వీనికి పెడతాంది! తిన్నోనికి తిన్నట్టు తెలుస్తాదా? తడబడి సగం చెప్పినాడు. సూడు, మనిషి చిక్కిపోయినాడా లేదా?" చిక్కిపోయాడు. "ముద్ద నోట్లో పెట్టుకుని గోడ చూస్తాండాడా లేదా?" చూస్తున్నాడు. "ఇంటి మొకం పట్టకుండా అయిపోయినాడా లేదా?" అయిపోయాడు. అన్నీ సరిపోయాయి. అనుమానం పెనుభూతం అని మా అమ్మ అనేది. భూతమైతే భూతమే, దానికీ మందుంటుంది కదా.

పెట్టుడు మందుకు విరుగుడు కక్కించడం. మా ఊళ్ల దగ్గర దానికి వేరే మనుషులే ఉంటారు, మహబూలాలో ఎవరున్నారు? ఆపానే పూనుకుంది. ఏం కలిపిందో ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు. చింతపండు, ఉప్పు, ఆముదం వేయడం నేను చూశాను. ఇంకేదో ఆకు పొడి చీర కొంగుముడి విప్పి వేసింది. ఆ వచ్చే శుక్రవారం దాన్ని చారులో కలిపాను. మా మామ ఆవేళ మధ్యాహ్నం హడావుడిగా వచ్చాడు, చంకలో ఒక ఖర్జూరం డబ్బా ఉంది. "తొందరగా పెట్టు పిల్లా, పోవాల" అన్నాడు. పెట్టాను. చారు ఒక గుక్క తాగి "ఏంది తేడాగా ఉంది?" అన్నాడు. నేను రెప్ప వేయకుండా చూస్తూ కూర్చున్నాను. ఆ చూపుకు భయపడో ఏమో గిన్నెంతా తాగేశాడు. చెయ్యి కడుక్కోవడానికి లేచినవాడు సింకు దగ్గరే ఉండిపోయాడు.

ఆపా సెల్‌ఫోను దీపం వేసుకుని సింకులోకి తొంగి చూసింది. వెంట్రుకల ఉండో, నల్లటి ముద్దో బయటపడాలట. "సంగటి తప్ప ఏం లేదేమ్మే" అని ఆమె నిరాశగా అంటే, మా మామ అంత అవస్థలోనూ తలెత్తి "ఏం వెతుకుతాండారే మీరిద్దరూ?" అన్నాడు. చెప్పేశాను. ఎగైలా మామా నీకు పెట్టిన మందు బయటికి రావాలని చెప్పేశాను. సింకు అంచు పట్టుకుని ఒకసారి నవ్వేవాడు, ఒకసారి కక్కేవాడు. "తుపాకీ మందే పిచ్చిమొకమా! తూటాలో పోసే మందు!" అన్నాడు. ఆపా మెల్లగా దీపం ఆర్పి, మిరపకాయల పని ఉందని తన గదిలోకి పోయింది. మిరపకాయలు మా వంటింట్లోనే ఉన్నాయి.

గోడకు ఆనుకుని కూర్చుని, మధ్య మధ్య నీళ్లు పుక్కిలిస్తూ చెప్పాడు. ఎగైలా మామా పెళ్లికి ముందు నుంచీ క్లబ్బులో పిస్తోలు కాల్చే మనిషట, పోటీల్లో బొమ్మ కొట్టడం. స్నానాలగదిలో జారిపడి మణికట్టు విరిగింది, లోపల లోహపు పట్టీ వేశారు. మామూలు తూటా కాలిస్తే ఆ తన్నుకు చెయ్యి ఆగడం లేదు. బాబా ఆ క్లబ్బులోనే, వాళ్ల అనుమతితో, కూతురికోసం స్వయంగా తూటాలు నింపుతాడు, మందు తగ్గించి తేలికగా. "ఆడ వచ్చింది చిక్కు" అన్నాడు. "నువ్వు పల్చని బట్ట కుట్టేటప్పుడు మిషను టెన్షను వదులు చేస్తావా లేదా?" "చేయకపోతే బట్ట ముడుచుకుంటుంది." "అంతే. మందు తగ్గితే తన్ను తగ్గుతాది. లోపల పాత గట్టి స్ప్రింగే ఉంటే దాన్ని నొక్కే బలం చాలదు. పై ఇనుము సగం దాకా వచ్చి ఆగిపోతాది, ఖాళీ తూటా బయటికి పడక నోట్లోనే ఇరుక్కుంటాది. అందుకని మెత్తది వేయాల. మరీ మెత్తదేస్తే ఇనుము వెనక్కి పోయి ఠంగుమని కొట్టుకుంటాది, ముందుకొచ్చి సరిగ్గా మూసుకోదు. ఆ మందుకు ఆ స్ప్రింగు, జోడీ కుదరాల." ముసలాయన వేళ్లు వణుకుతాయట, స్ప్రింగు తీయబోతే ఎగిరి పైకప్పుకు తగిలిందట. ఆనాటి నుంచి ఆ పని ఇతనిది. తుపాకీ మాట ఎక్కడా ఎత్తొద్దని బాబా చెప్పాడు కాబట్టి ఆట అన్నాడు, మెత్తది అన్నాడు, మందు అన్నాడు.

అంతా అర్థమైంది. అర్థమైతే కుళ్లు పోతుందా ఎక్కడైనా? ఒక ఆడదాని మణికట్టు నొప్పికి తగ్గట్టు ఇనుమును మెత్తబరచడానికి ఇంతమంది కూర్చుని తలలు బాదుకుంటున్నారు. ఈ మొనగాడు ఆ జోడీ కోసం నా శుక్రవారాలు ధారపోస్తున్నాడు. "ఈ పొద్దు ఆమెకు పోటీ ఉంది పిల్లా" అన్నాడు, గోడ పట్టుకుని లేవబోయి మళ్లీ కూలబడుతూ. "విరిగినాక ఇదే మొదటిది. డబ్బా నా దగ్గరే ఉండిపోయింది. నువ్వు తీసకపో." వెళ్లాను. జాలిపడి వెళ్లాననుకునేరు. ఆమెను చూడాలని వెళ్లాను.

టాక్సీ ఊరు దాటి ఇసకలోకి పోయింది. గేటు దగ్గర తెల్లటి దిష్‌దాషాలో బాబా చేతికర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. "డ్రైవర్ వేన్?" అన్నాడు, డ్రైవరేడని. "బీమార్" అన్నాను. "క్యా హువా?" పొట్ట చూపించాను. ఏం తిన్నాడని ఆయన అడగలేదు, నా అదృష్టం. లోపలికి పోతుంటేనే ఆ వాసన ముక్కుకు తగిలింది, మా మామ చొక్కా అడుగు వాసన. మోత వినపడకుండా చెవులకు పెద్ద డొప్పలు తగిలించారు. అద్దం వెనకనుంచి ఎగైలా మామాను చూశాను. ఆమె అందంగా లేకపోతే బాగుండునని దారంతా మొక్కుకున్నాను. ఉంది. నా ఈడుదే, పొడగరి, తలకు బూడిదరంగు గుడ్డ, మణికట్టుకు నల్లటి పట్టీ. డబ్బా చూడగానే పరుగున వచ్చింది. మూత తీస్తే లోపల స్ప్రింగులు వరసగా ఉన్నాయి, ప్రతిదాని చివరా నా దారం ముడి. ఎర్రది, ఆకుపచ్చది, నీలం, పసుపు. అవి ఆడదాని చేతికి కట్టలేదు, స్ప్రింగులకు కట్టాడు. అది చూసి కొంచెం ఊపిరి ఆడింది, ఒప్పుకోవాలి.

మా మామ లేడు కాబట్టి వేయడం క్లబ్బు మనిషి వేస్తాడు గానీ, ఏది వేయాలో మా మామకే తెలుసు. ఫోను చేశాను. నీరసంగా పలికాడు. "పసుపు దారంది ఇయ్యి. ఇచ్చినంక నేను నిలబడే చోట నిలబడు, బాబా చూపిస్తాడు. ఖాళీలు యాడ పడతాండాయో చూసి చెప్పు, ఆమెను చూడొద్దు, ఖాళీల్ని చూడు." బాబా నన్ను ఆమె కుడివైపు ఒక స్తంభం వెనక, అద్దం పక్కన నిలబెట్టాడు. అక్కడినుంచి చూస్తే ఎగైలా మామా మొహమే కనపడదు! స్తంభం అడ్డం. ఒక మోచేయి, ఇంత నేల, అంతే. ఇన్ని శుక్రవారాలు మా మామ ఇక్కడ నిలబడి నేల చూస్తున్నాడన్నమాట. కాల్పులు మొదలయ్యాయి. ఇత్తడి ఖాళీలు తళుక్కుమంటూ ఎగిరి పడ్డాయి. ఒక్కటీ ఇరుక్కోలేదు, ఒక్కటీ దారి తప్పలేదు, కోడి ఒకే మూల గుడ్లు పెట్టినట్టు అన్నీ ఒకచోటే పడ్డాయి. ఫోనులో చెప్తే అవతల "అమ్మయ్య" అన్నాడు. ఊళ్లో మా పిల్ల పుట్టినప్పుడు కూడా అంత గట్టిగా అనలేదు.

ఆమె గెలిచిందో లేదో నేను కనుక్కోలేదు, కానీ బాబా కళ్లు తుడుచుకున్నాడు. బయట నీడలో కూర్చున్నాక ఎగైలా మామా డబ్బా తెరిచి, ఎర్ర దారం స్ప్రింగు తీసి నా ముందు పెట్టి, "ఏ తుమ్ హో. మదామ్!" అంది, ఇది నువ్వేనని. ఈ దేశంలో మదామంటే పెళ్లాం. మా మామ అన్నిటికన్నా గట్టి స్ప్రింగుకు నా పేరు పెట్టాడట. పసుపుది, మెత్తనిది, దాని పేరు మామా అట. "మదామ్ బహుత్ స్ట్రాంగ్" అని, దెబ్బ తగిలినట్టు మణికట్టు వెనక్కి విదిలించి నవ్వింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మెత్తదనం ఆమెకా, తన్నులు నాకా? శుక్రవారం నాదని వచ్చీరాని హిందీలో అనేశాను: "జుమ్మా మేరా హై." ఆమె నవ్వు ఆగింది. "క్యా?" "పూరా హఫ్తా ఆప్‌కా. జుమ్మా మేరా." వారమంతా నీదే కదా అని. బాబా మీసంలో నవ్వుకుంటూ అటు తిరిగాడు. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది, యజమానురాలిలా కాదు, బావి దగ్గర బిందె అడ్డం పెట్టిన ఆడదాన్ని ఇంకొక ఆడది చూసినట్టు. "నుస్ నుస్" అంది. సగం సగం. నమాజుకు ముందు తనకు, తర్వాత నాకు. "ఖలాస్?" "ఖలాస్" అన్నాను, గెలిచినట్టే అన్నాను. టాక్సీ ఎక్కి సగం దూరం వచ్చాక గానీ తట్టలేదు, పూర్తిగా నాదైన రోజులో సగాన్ని నా నోటితో నేనే ఆమెకు రాసిచ్చి వచ్చానని. వంకాయల బేరంలో కూడా నేనింత తొందరపడను.

ఆ ఎర్ర దారం సంగతి నేను వదిలిపెట్టాననుకున్నారా? పై శుక్రవారం ముద్ద కలపకముందే అడిగాను. చారు వంక అనుమానంగా చూసుకుంటూ చెప్పాడు. "ఎర్రది తుపాకీతోపాటు పుట్టింది పిల్లా. మిగతావన్నీ మేము తర్వాత తెచ్చినవి. ఆట కోసం ఏవేవో మారుస్తాం. ఆట అయినంక తుడిచి పెట్టెలో పెట్టేటప్పుడు మళ్లా ఎర్రదే వేసి పెడతాను. దాని తావు అదే." మాటలు బాగానే నేర్చాడు. ఆ మాటకు ఆ రోజు చేపముక్క ఒకటి ఎక్కువ వేశాను గానీ, నమ్మానని చెప్పలేదు.

ఆ ఒప్పందం మీదే ఏళ్లు నడిచాయి. పొద్దున ఆమెది, నమాజు తర్వాత నాది. బాబా పోయాక తేలిక తూటాలు నింపేవాళ్లు లేక ఎగైలా మామా కాల్చడం మానేసింది. అప్పుడైనా పొద్దుపూట నా దగ్గరికి రావాలా వద్దా? "మాట మాటే గదా" అని మా మామ ఆ సగం అక్కడే ఉండేవాడు, కారు కడిగో, తోటలో కూర్చునో. ఆ తర్వాత ఒక గురువారం గేటు పక్క గదిలో నిద్రలోనే పోయాడు. మరునాడు నమాజు అయింది, నా సగం మొదలైంది, మనిషి లేడు. శవపెట్టెను ఊరికి పంపి, నేనూ పోయి వచ్చి, మళ్లీ దుకాణం తెరిచిన కొన్నాళ్లకు ఎగైలా మామా ఈ ఖర్జూరం డబ్బా పట్టుకుని హవల్లీ వచ్చింది. "ధాగా తుమ్హారా" అంది. దారం నీది కదా అని. టీ ఇచ్చాను. వెళ్తూ వెళ్తూ, మా మామకు ఒంటెలంటే భయమనీ, దారిలో ఒంటె కనపడితే కారు అద్దాలెక్కించేవాడనీ చెప్పి నవ్వింది. ముప్పై ఏళ్లు కాపురం చేశాను, నాకు తెలియదు! ఆ రాత్రి అన్నం సహించలేదు.

అప్పటినుంచి శుక్రవారాలు వస్తోంది. నమాజు తర్వాతే వస్తోంది చూడండి, నా సగంలోకి! కుట్టించుకోవడానికి ఏదో గుడ్డ తెస్తుంది, ఉత్త సాకు. టీ తాగుతూ ఒక కబురు చెప్పి పోతుంది. వంటమనిషికి ఊరిమిండి నూరడం నేర్పాడట. కారులో ఒంటరిగా ఉన్నప్పుడు తనలో తాను నవ్వుకునేవాడట. వినేటప్పుడు పళ్లు బిగపడతాను. ఆమె పోయాక మళ్లీ మళ్లీ తలచుకుంటాను. ఆలస్యమైతే వీధి వంక చూస్తాను, ఇది ఎవరికీ చెప్పకండి.

ఇవాళ వచ్చేసరికి మేజా మీద స్ప్రింగులు పరిచి ఉన్నాయి, మిషను నోరు తెరుచుకుని ఉంది. ఎగైలా మామా పసుపు దారంది తీసుకుని, వంకరైన మణికట్టు మీద పెట్టుకుని అటూ ఇటూ దొర్లిస్తూ, ఏదో కూనిరాగం తీసింది.  "ఏందది?" అన్నాను, తెలుగులోనే. ఆమెకు అర్థమైంది. "డ్రైవర్ గాతా థా" అంది. కాల్పులు అయ్యాక నేల మీది ఖాళీలు ఏరుకుంటూ పాడేవాడట, ప్రతి శుక్రవారం. మాటలు తనకు రావు, రాగం ఒక్కటే వచ్చు. మా మామ పాడటం నేనెన్నడూ వినలేదు. పాడమంటే సిగ్గుపడి పారిపోయేవాడు. కుళ్లు గొంతుదాకా వచ్చింది. కానీ ఆ రాగం నాకు తెలుసు. అది మా అమ్మ కట్టుకున్న జోల, ఎర్రావూ చెనిక్కాయల చేనూ వచ్చే జోల. మా తమ్ముళ్లను ఊపుతూ పాడేటప్పుడు మా అమ్మ చెప్పేది, "నీకు నేను పాడలేదే, మీ మామ పాడినాడు. ఉయ్యాల తాడు వాని చేతిలోనే, పాటా వాని నోట్లోనే" అని. మరి నేను అప్పుడు నెలల పిల్లని, నాకేం గుర్తుంటుంది?

మళ్లీ పాడమన్నాను. ఆమె పాడుతుంటే నేను మాటలు కలిపాను. మధ్యలో నేను మాట మరిచిపోతే ఆమె ఆగకుండా రాగం నడిపించింది, మాట దొరికినచోట మళ్లీ అందుకున్నాను. అబాయా పిల్ల ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఆ సగం శుక్రవారాలు నాకు దక్కలేదని ఇన్నేళ్లు ఏడ్చాను. దక్కి ఉంటే తువ్వాలు కింద గుర్రులో అవీ కరిగిపోయి ఉండేవి. ఆమె దగ్గర ఉండిపోబట్టి, నేను ఉయ్యాలలో ఉన్నప్పటి పొద్దు ఒకటి ఇంత కాలానికి తిరుగుదారి పట్టి నా దగ్గరికి వచ్చింది.